అరికాలి పుండు (కోళ్ళ వ్యాధి)

అరికాలి పుండు కోళ్ళ పాదం అడుగుభాగాన సూక్ష్మజీవులు చేరడం వల్ల ఏర్పడే వాపు, పుండు. పశువైద్యులు, కోళ్ళ పెంపకందారులు దీనిని బంబుల్‌ఫుట్ అని వ్యవహరిస్తారు. శాస్త్రీయంగా దీనిని ప్లాంటార్ పోడోడెర్మటైటిస్ అంటారు. కోళ్ళతో పాటు బాతులు, నెమళ్ళు, జంతు ప్రదర్శనశాలల్లోని డేగలు, గద్దలు కూడా ఈ వ్యాధికి గురవుతాయి. డేగలను మచ్చిక చేసి వేటకు వాడినవారికి ఇది శతాబ్దాలుగా తెలిసిన వ్యాధి.

ఇది ఒక కోడి నుండి మరొక కోడికి వేగంగా వ్యాపించే తెగులు కాదు. చిన్న గాయంతో మొదలై, పట్టించుకోకపోతే కండర బంధనాలకు, ఎముకకు పాకి కోడిని కుంటిదానిని చేస్తుంది. తొలి దశలో గుర్తిస్తే ఎక్కువ సందర్భాల్లో ఇంటివద్దనే నయం చేయవచ్చు. ముదిరిన దశలో పశువైద్యుని సహాయం తప్పనిసరి.

ప్రాముఖ్యత

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం భారతదేశంలో మొత్తం 85.18 కోట్ల కోళ్ళు, ఇతర పెంపుడు పక్షులు ఉండగా, వాటిలో 31.7 కోట్లు పెరటి పక్షులు. అంతకు ముందు 2012లో జరిగిన గణనతో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య సుమారు 46 శాతం పెరిగింది. ఫారాలలో వేల కోళ్ళను ఒకే గుంపుగా చూస్తారు గనుక, ఒక్క కోడి కాలికి పుండు పడితే దానికి విడిగా చికిత్స చేసే ఆనవాయితీ తక్కువ. పెరటిలో నాలుగైదు పెట్టలు, ఒక పుంజు ఉండే ఇంట్లో ఒక్క పెట్ట విలువ చాలా ఎక్కువ. అదే గుడ్లు పెడుతుంది, అదే పొదిగి పిల్లలను చేస్తుంది, వాటిని వెంట తిప్పి మేత నేర్పుతుంది.

కుంటికోడి మేత దగ్గర మిగతా కోళ్ళ పోటీకి నిలవలేదు. గూటిపైకి ఎగరలేక నేలపైనే రాత్రి గడుపుతుంది. కుక్క, పిల్లి, ముంగిస వచ్చినప్పుడు తప్పించుకోలేదు. బరువు తగ్గి గుడ్లు పెట్టడం మానివేస్తుంది. అందువల్ల చిన్న పుండు కూడా పెరటి కోళ్ళ యజమానికి నిజమైన నష్టం కలిగిస్తుంది.

పాద నిర్మాణం

కోడి కాలికి సాధారణంగా నాలుగు వేళ్ళుంటాయి. వాటిలో మూడు ముందుకు, ఒకటి వెనుకకు ఉంటాయి. వేళ్ళన్నీ కలిసే చోట అడుగుభాగాన మెత్తని దిండు వంటి అరికాలు ఉంటుంది. కోడి నిలబడినప్పుడు, నడిచినప్పుడు, ఎత్తు నుండి దూకినప్పుడు శరీర భారం చాలావరకు ఈ దిండుపైనే పడుతుంది. దాని పైపొర చిన్న చిన్న బుడిపెలతో గట్టిగా ఉన్నప్పటికీ, లోపల కొవ్వు, సన్నని రక్తనాళాలు, వేళ్ళను ముడిచే బంధనాలు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇక్కడ కండరం లేదు. రక్తప్రసరణ కూడా పరిమితం. ఈ కారణాల వల్ల చర్మం ఒకసారి చిట్లితే పుండు నెమ్మదిగా మానుతుంది, లోపలికి మాత్రం త్వరగా పాకుతుంది.

పక్షుల చీము మనుషుల చీము వలె ద్రవంగా ఉండదు. చీమును పలుచన చేసే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము పక్షుల తెల్ల రక్తకణాలలో (హెటెరోఫిల్స్) లేదు. అందువల్ల వాటి చీము జున్నుముక్క వలె గట్టిపడి ముద్దగా మారుతుంది. అరికాలి పుండు మధ్యలో కనిపించే నల్లని పెచ్చు కింద ఈ గట్టి ముద్ద ఉంటుంది. మనుషుల సెగ్గడ్డ వలె దీనిని నొక్కితే చీము కారిపోదు. నొక్కడం వల్ల సూక్ష్మజీవులు ఇంకా లోతుకు పోతాయి.

వ్యాధికారకం

ఈ వ్యాధికి ప్రధాన కారకం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. సూక్ష్మదర్శినిలో ఇది ద్రాక్షగుత్తి వలె కనిపిస్తుంది. గ్రీకు భాషలో స్టెఫైల్ అంటే ద్రాక్షగుత్తి. లాటిన్‌లో ఆరియస్ అంటే బంగారు రంగు గలది. స్కాట్లాండుకు చెందిన శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880 ప్రాంతంలో చీములో ఈ జీవులను గుర్తించి పేరు పెట్టాడు. 1884లో జర్మన్ వైద్యుడు రోజెన్‌బాఖ్ ఆరియస్ జాతిని వేరు చేశాడు. ఎషెరీషియా కోలై, సూడోమోనాస్ వంటి ఇతర బాక్టీరియాలు కూడా కొన్ని పుండ్లలో కనిపిస్తాయి.

ఆరోగ్యవంతమైన కోళ్ళ చర్మంపైనా, గూటిలోని దుమ్ములోనూ ఈ బాక్టీరియా సహజంగానే ఉంటుంది. చర్మం చెక్కు చెదరకుండా ఉన్నంతవరకు అది హాని చేయదు. అందుచేత బాక్టీరియాను పూర్తిగా లేకుండా చేయడం కంటే, దానికి దారి ఇచ్చే గాయాన్ని నివారించడం ముఖ్యం.

కారణాలు

* ముల్లు, గాజుపెంకు, తీగముక్క, పదునైన రాయి గుచ్చుకోవడం.
* ఎత్తైన దూలం లేదా కొమ్మ నుండి గట్టి నేలపైకి రోజూ దూకడం.
* సిమెంటు గచ్చుపై, ఇనుప జాలీపై ఎక్కువ కాలం నిలబడటం.
* గూటిలోని రెట్ట, తడి వల్ల అరికాలి చర్మం నాని మెత్తబడటం. రెట్ట నుండి వెలువడే అమ్మోనియా చర్మాన్ని ఇంకా కాలుస్తుంది.
* మరీ సన్నని లేదా కోసుగా ఉన్న కూర్చునే కర్ర. దీనివల్ల ఒకే చోట ఒత్తిడి పడి ఆనెకాయ ఏర్పడుతుంది.
* అధిక బరువు. బరువైన పుంజులలో, మాంసపు జాతులలో ఈ వ్యాధి ఎక్కువ.
* ఎ విటమిన్, బయోటిన్ లోపాలు. ఎ విటమిన్ లోపిస్తే చర్మం పొడిబారి చిట్లుతుంది. బయోటిన్ లోపిస్తే అరికాలు పగులుతుంది.
* గోళ్ళు బాగా పెరిగి వేళ్ళు వంకరగా ఆనడం.
* ఒక కాలికి దెబ్బ తగిలి భారమంతా రెండో కాలిపై పడటం. అందువల్ల ఒక కాలు కుంటే కోడికి రెండో అరికాలును కూడా పరీక్షించాలి.

నిజామాబాదు - బోధన్ ప్రాంతంలో పరిస్థితులు

మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో బోధన్ పరిసరాలు చెరకు సీమగా పేరుపొందాయి. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం వల్ల బోధన్‌లో శక్కర్‌నగర్ వెలసింది. 2015 డిసెంబరులో ఈ కర్మాగారం మూతబడిన తరువాత చెరకు సాగు బాగా తగ్గి, వరి, సోయా, పసుపు, మొక్కజొన్న పొలాలు ఎక్కువయ్యాయి. ఈ పంటలు, నేలలు, వాతావరణం అన్నీ పెరటి కోళ్ళ పాదాలపై ప్రభావం చూపుతాయి.

చెరకు నరికిన తరువాత నేలలో మిగిలే మోళ్ళు ఏటవాలుగా, పదునుగా ఉంటాయి. కార్శి తోటలలోనూ గట్లపైనా పురుగుల కోసం కాళ్ళతో గీరే కోళ్ళకు ఇవి గుచ్చుకుంటాయి. ఎండిన చెరకు ఆకు అంచులు రంపపు పళ్ళ వలె ఉండి వేళ్ళ మధ్య చర్మాన్ని కోస్తాయి. వరి కోసిన మళ్ళలో మిగిలే కొయ్యకాళ్ళు కూడా ఇటువంటివే. గట్ల వెంబడి పల్లేరు కాయలు, కంచెలకు వాడే తుమ్మకంపల ముళ్ళు మరొక ప్రమాదం. పల్లేరు ముల్లు అరికాలిలో విరిగి లోపలే ఉండిపోతుంది. పైన గాయం మూసుకొని లోపల చీము గట్టిపడుతుంది.

నల్లరేగడి నేలలలో వానాకాలంలో బంక మట్టి కోడి వేళ్ళకు ఉండలుగా పట్టి ఎండిపోతుంది. ఈ ఉండలను గట్టిగా లాగితే చర్మం, ఒక్కొక్కప్పుడు గోరు కూడా ఊడి వస్తాయి. వాటిని గోరువెచ్చని నీటిలో నానబెట్టి మాత్రమే తొలగించాలి. నిజామాబాదు పట్టణంలో మట్టి పెరడు తగ్గి, మేడలపైనా సిమెంటు వాకిళ్ళలోనూ కోళ్ళను పెంచే ఇళ్ళలో వేసవి గచ్చు వేడి, గరుకుదనం అరికాలిని దెబ్బతీస్తాయి.

పెరటి కోళ్ళ మేత కూడా ఒక కారణమే. వరి పండే ప్రాంతాలలో కోళ్ళకు నూకలు, అన్నం ఎక్కువగా వేస్తారు. తెల్లని బియ్యంలో ఎ విటమిన్ లేదు. ఆరుబయట తిరిగి ఆకులు, పురుగులు తినే కోళ్ళకు ఈ లోపం తీరుతుంది. గంప కింద లేదా మేడపై బంధించి నూకలతో మాత్రమే పెంచే కోళ్ళకు తీరదు.

లక్షణాలు, దశలు

మొదట కోడి నడకలో మార్పు కనిపిస్తుంది. ఒక కాలును ఎక్కువసేపు పైకెత్తి నిలబడటం, గూటి నుండి ఆలస్యంగా దిగడం, మేత దగ్గరకు వెనుకగా రావడం తొలి సూచనలు. కోడిని పట్టుకొని అరికాలును కడిగి చూస్తేనే వ్యాధి నిర్ధారణ అవుతుంది. బురద పట్టిన పాదంపై పుండు కనబడదు.

పశువైద్యులు వ్యాధి తీవ్రతను సాధారణంగా ఐదు దశలుగా విభజిస్తారు.

మొదటి దశ: అరికాలి చర్మం ఎర్రబడి, బుడిపెలు అరిగి నున్నగా మారుతుంది. పుండు ఉండదు.

రెండవ దశ: చిన్న నల్లని లేదా గోధుమ రంగు పెచ్చు ఏర్పడుతుంది. వాపు అంతగా ఉండదు.

మూడవ దశ: పెచ్చు చుట్టూ వాపు, వేడి, నొప్పి. లోపల గట్టి చీము ముద్ద. కోడి స్పష్టంగా కుంటుతుంది.

నాల్గవ దశ: వాపు వేళ్ళకు, చీలమండ వైపుకు పాకుతుంది. బంధనాలు దెబ్బతిని వేళ్ళు ముడుచుకోవు.

ఐదవ దశ: ఎముకకు, కీళ్ళకు సూక్ష్మజీవులు చేరుతాయి. కోడి నీరసించి మేత మానుతుంది. ఈ దశలో పూర్తిగా కోలుకొనే అవకాశం చాలా తక్కువ.

మొదటి రెండు దశలకు ఇంటి చికిత్స సరిపోతుంది. మూడవ దశ నుండి పశువైద్యునికి చూపించాలి.

పోలికగల ఇతర వ్యాధులు

కోడి కుంటడానికి అరికాలి పుండు ఒక్కటే కారణం కాదు. చికిత్సకు ముందు కింది వాటిని వేరుచేసి చూడాలి.

* పొలుసుకాలి పురుగు: నెమిడోకాప్టిస్ మ్యూటన్స్ అనే కంటికి కనిపించని పురుగు కాలి పొలుసుల కింద చేరుతుంది. పొలుసులు పైకి లేచి, సున్నం పూసినట్లు కనిపిస్తాయి. అరికాలిలో పుండు ఉండదు.
* మారెక్స్ వ్యాధి: వైరస్ వల్ల నరాలు దెబ్బతిని ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాచి కోడి పడిపోతుంది.
* రాణిఖేత్ వ్యాధి (కొక్కెర తెగులు): కాళ్ళు పడిపోవడంతో పాటు మెడ మెలితిరగడం, ఆకుపచ్చని విరేచనాలు, శ్వాసలో గురక ఉంటాయి. గుంపులో చాలా కోళ్ళు ఒకేసారి జబ్బుపడతాయి.
* గౌట్: యూరిక్ ఆమ్లం కీళ్ళలో చేరి తెల్లని గడ్డలు కడుతుంది.
* దారం చుట్టుకోవడం: వెంట్రుక, గాలిపటం దారం, బస్తాల ప్లాస్టిక్ పోగు వేళ్ళకు బిగుసుకొని కింది భాగం నల్లబడుతుంది.

కోళ్ళు హఠాత్తుగా చనిపోతూ కాళ్ళపై ఎర్రని రక్తపు మచ్చలు, నీలిరంగు తిరిగిన తురాయి కనిపిస్తే బర్డ్ ఫ్లూ అనుమానంతో వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. అటువంటి కోళ్ళను చేతితో పట్టుకొని పరీక్షించకూడదు.

ఇంటివద్ద చికిత్స

కావలసిన వస్తువులు

గోరువెచ్చని నీరు, ఎప్సమ్ ఉప్పు (మెగ్నీషియం సల్ఫేట్), పోవిడోన్ అయోడిన్ ద్రావణం, శుభ్రమైన గాజుగుడ్డ, మెత్తని పట్టీ లేదా తనకు తానే అంటుకొనే బ్యాండేజి, చేతి తొడుగులు, పాత తువాలు. ఇవన్నీ మందుల దుకాణాలలో దొరుకుతాయి.

కోడిని పట్టుకొనే పద్ధతి

సాయంత్రం చీకటి పడిన తరువాత కోడి ప్రశాంతంగా ఉంటుంది. రెక్కలను ఒంటికి ఆనించి తువాలులో చుట్టి, తల బయట ఉంచి, ఒడిలో పెట్టుకోవాలి. ఒకరు పట్టుకుంటే మరొకరు చికిత్స చేయడం మంచిది. పక్షులకు మనుషుల వలె ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకు వెనుకకు కదిలితేనే అవి ఊపిరి పీల్చగలవు. అందుచేత రొమ్మును గట్టిగా నొక్కరాదు. ఎక్కువసేపు వెల్లకిలా పడుకోబెట్టరాదు. నోరు తెరిచి రొప్పితే వెంటనే వదలి, కొంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి.

చికిత్స క్రమం

1. పాదాన్ని మామూలు నీటితో, సబ్బుతో కడిగి మట్టి, రెట్ట తొలగించాలి.

2. లీటరు గోరువెచ్చని నీటిలో రెండు పెద్ద చెంచాల ఎప్సమ్ ఉప్పు కరిగించి పాదాన్ని పది నుండి ఇరవై నిమిషాలు నానబెట్టాలి. నీరు మోచేతికి హాయిగా తగిలేంత వేడి మాత్రమే ఉండాలి. ఈ నీరు విరేచనకారి గనుక కోడి తాగకుండా చూడాలి.

3. పాదాన్ని తుడిచి వెలుతురులో పరిశీలించాలి. ముల్లు మొన పైకి కనిపిస్తుంటే వేడినీటిలో మరిగించిన పట్టకారుతో, గుచ్చుకున్న దిశకు ఎదురుగా నెమ్మదిగా తీయాలి.

4. నానిన పెచ్చు తనంతట తాను వదులైతే దానిని తీయవచ్చు. దానితో పాటు జున్ను వంటి చీము ముద్ద వచ్చేస్తే పుండు త్వరగా మానుతుంది. రాకపోతే బలవంతం చేయక, రోజూ నానబెట్టడం కొనసాగించాలి.

5. పోవిడోన్ అయోడిన్‌ను పది వంతుల నీటితో పలుచన చేసి, లేత తేనీటి రంగు వచ్చిన ద్రావణంతో పుండును కడగాలి. చిక్కని ద్రావణం కొత్తగా పుట్టే కణాలను కూడా చంపుతుంది.

6. పుండుపై గాజుగుడ్డ మడత ఉంచి, వేళ్ళ మధ్యగా పట్టీని చుట్టి, కాలిపై ఒకటి రెండు చుట్లతో ముగించాలి. పుండు చుట్టూ వలయాకారంలో మెత్తని గుడ్డ పెడితే భారం పుండుపై పడకుండా చుట్టుపక్కలకు పంచబడుతుంది.

7. కట్టు కట్టిన అరగంట తరువాత వేళ్ళను తాకి చూడాలి. అవి చల్లబడినా, ఉబ్బినా, రంగు మారినా కట్టు బిగుతుగా ఉన్నట్లే. వెంటనే విప్పి వదులుగా కట్టాలి.

కట్టును రోజూ లేదా రోజు విడిచి రోజు మార్చాలి. తడిసినా, రెట్ట అంటినా అప్పుడే మార్చాలి. తడికట్టు లేని పుండు కంటే తడికట్టు ఉన్న పుండు ఎక్కువ చెడుతుంది.

విశ్రాంతి

చికిత్సలో సగభాగం విశ్రాంతి. కోడిని విడిగా, పొడి వరిఊక లేదా మెత్తని గడ్డి నాలుగు వేళ్ళ మందాన పరచిన చోట ఉంచాలి. ఎక్కి దూకే అవకాశం లేకుండా కూర్చునే కర్రను తొలగించాలి. మేత, నీరు అందుబాటులో ఉంచాలి. మిగతా కోళ్ళు కనిపించేలా జాలీ అడ్డం పెడితే బెంగ పడదు, తిరిగి కలిపినప్పుడు వాటి పోట్లాట కూడా తగ్గుతుంది.

తొలి దశ పుండు రెండు మూడు వారాలలో మానుతుంది. పెచ్చుపడిన పుండు మానడానికి నెల, అంతకు మించి కూడా పట్టవచ్చు. వారం రోజుల చికిత్స తరువాత వాపు తగ్గకపోయినా, పెరిగినా ఇంటి చికిత్సను అంతటితో ఆపి వైద్యునికి చూపించాలి. పుండు పరిమాణాన్ని వారానికొకసారి కాగితంపై గుర్తించుకొంటే మార్పు తెలుస్తుంది.

చేయకూడని పనులు

* బ్లేడుతో, కత్తితో అరికాలిని కోయరాదు. బంధనాలు, రక్తనాళాలు చర్మానికి అతి దగ్గరగా ఉంటాయి. మత్తు లేకుండా కోయడం కోడికి తీవ్రమైన బాధ. బంధనం తెగితే వేలు మళ్ళీ ముడుచుకోదు. శస్త్రచికిత్సను పశువైద్యుడే చేయాలి.
* పుండును గట్టిగా పిండరాదు.
* హైడ్రోజన్ పెరాక్సైడును రోజూ వాడరాదు. అది మానుతున్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది.
* కిరోసిన్, బ్యాటరీ ఆమ్లం, పొడిసున్నం, పురుగుమందులు పుండుపై పోయరాదు. ఇవి చర్మాన్ని కాలుస్తాయి. కోడి ముక్కుతో పొడిచి మింగితే విషమవుతుంది.
* మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వరాదు.

చివరి విషయం ప్రత్యేకంగా గమనించదగినది. డైక్లోఫెనాక్ మందు పక్షుల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఈ మందు ఇచ్చిన పశువుల కళేబరాలను తినడం వల్లనే భారతదేశంలో రాబందులు దాదాపు అంతరించే స్థితికి చేరాయి. 2006లో పశువులకు ఈ మందు వాడకాన్ని భారత ప్రభుత్వం నిషేధించింది. 2023లో కీటోప్రోఫెన్, ఏసిక్లోఫెనాక్ మందులను కూడా పశువైద్యంలో నిషేధించారు. కోడికి నొప్పి తగ్గించవలసి వస్తే తగిన మందును, మోతాదును పశువైద్యుడే నిర్ణయించాలి.

గృహ వైద్యాలు

పసుపు: నిజామాబాదు దేశంలోని ముఖ్యమైన పసుపు మార్కెట్లలో ఒకటి. 2025లో ఏర్పాటైన జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే ఉంది. కోడి పుండుకు పసుపు, నూనె కలిపి పూయడం ఈ ప్రాంతంలో సహజమే. పసుపులోని కర్క్యుమిన్‌కు బాక్టీరియాను అడ్డుకొనే, వాపును తగ్గించే గుణాలు ప్రయోగశాలల్లో కనిపించాయి. అయితే పెచ్చు కింద ఉన్న గట్టి చీము ముద్దలోకి అది చొచ్చుకుపోదు. చిన్న గీరుడు గాయానికి, శుభ్రంగా కడిగిన తరువాత వాడితే హాని లేదు. ముదిరిన పుండును పసుపు ముద్దతో కప్పివేస్తే లోపలి వ్యాధి కనబడకుండా పెరుగుతుంది.

చక్కెర: చక్కెర, తేనె పుండులోని నీటిని పీల్చి బాక్టీరియా పెరగకుండా చేస్తాయి. మానవ వైద్యంలో కూడా చక్కెరను పోవిడోన్ అయోడిన్‌తో కలిపి మానని పుండ్లకు వాడిన అనుభవం ఉంది. పెరటిలో ఈ పద్ధతికి ఒక చిక్కు ఉంది. తీపికి చీమలు, ఈగలు చేరుతాయి. ఈగలు గుడ్లు పెడితే పుండులో పురుగులు పడతాయి. కట్టు లేకుండా చక్కెర వాడరాదు. బెల్లం, మొలాసిస్ శుద్ధి చేయనివి గనుక పుండుకు పనికిరావు.

వేపనూనె: దీని ఘాటైన వాసనకు ఈగలు దూరంగా ఉంటాయి. కట్టు పై అంచులకు మాత్రమే కొద్దిగా రాయవచ్చు. పుండులో పోస్తే మంట పుడుతుంది.

పశువైద్య సహాయం

వాపు వేళ్ళకు పాకినా, పుండు నుండి దుర్వాసన వచ్చినా, రెండు కాళ్ళకూ పుండ్లు ఉన్నా, కోడి మేత మానినా ఆలస్యం చేయరాదు. నిజామాబాదు, బోధన్ పట్టణాలలో ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నాయి. తెలంగాణలో 2017లో ప్రారంభమైన సంచార పశువైద్య సేవకు 1962 నంబరును కేటాయించారు.

వైద్యుడు మత్తు ఇచ్చి చీము ముద్దను తొలగించి, అవసరమైతే కుట్లు వేస్తాడు. యాంటీబయాటిక్ అవసరమా, ఏది పనిచేస్తుందనే విషయం చీమును పరీక్షకు పంపితే కచ్చితంగా తెలుస్తుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో చాలా రకాలు పెన్సిలిన్ వంటి మందులకు లొంగవు. దుకాణంలో అడిగి తెచ్చిన మందును రెండు రోజులు వేసి మానివేస్తే, లొంగని రకాలే మిగులుతాయి. పైగా గట్టి చీములోకి రక్తం ద్వారా మందు అందదు గనుక, ముద్దను తీయకుండా మందు మాత్రమే వేయడం వల్ల ప్రయోజనం తక్కువ.

ఆహారం కోసం పెంచే జంతువులలో కొన్ని మందుల వాడకంపై భారత ప్రభుత్వం నిషేధం విధించింది. 2019లో కోలిస్టిన్‌ను, 2025లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వర్గపు మందులను నిషేధించారు. గాయాలకు పూసే పాత లేపనాలలో కొన్నింటిలో నైట్రోఫ్యూరజోన్ ఉంటుంది. ఇంట్లో మిగిలిన లేపనాన్ని కోడికి వాడే ముందు దాని పేరు చూడటం అవసరం.

గుడ్లు, మాంసం, మనుషుల ఆరోగ్యం

పైపూతతో మాత్రమే చికిత్స పొందుతున్న, ఆరోగ్యంగా మేత తింటున్న కోడి గుడ్లను శుభ్రపరచి, బాగా ఉడికించి తినవచ్చు. యాంటీబయాటిక్ ఇచ్చిన కోడి గుడ్లను, మాంసాన్ని వైద్యుడు చెప్పిన గడువు పూర్తయ్యే వరకు తినరాదు, అమ్మరాదు. నీరసించిన, వ్యాధి ఒళ్ళంతా పాకిన కోడిని కోసి తినడం ప్రమాదకరం. స్టెఫైలోకాకస్ విడుదల చేసే కొన్ని విషపదార్థాలు వంట వేడికి కూడా నశించవు.

ఈ బాక్టీరియా మనుషుల చర్మపు గాయాలలోనూ చేరగలదు. చికిత్స చేసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. చేతికి గాయం ఉన్నవారు, మధుమేహ రోగులు ఈ పనికి దూరంగా ఉండటం మంచిది. పని తరువాత చేతులను సబ్బుతో కడిగి, వాడిన కట్లను కాల్చివేయాలి లేదా లోతుగా పూడ్చివేయాలి. వ్యాధి ఎప్పుడూ కోళ్ళ నుండి మనుషులకే వస్తుందనుకోవడం కూడా సరికాదు. ఎడిన్‌బరో పరిశోధకులు పాల్గొని 2009లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికి సుమారు 40 ఏళ్ళ ముందు మనుషుల నుండి కోళ్ళకు మారిన ఒక స్టెఫైలోకాకస్ రకం తరువాత అనేక దేశాల కోళ్ళ ఫారాలకు వ్యాపించిందని తేలింది. శుభ్రమైన చేతులు కోడికి కూడా రక్షణే.

నివారణ

* కూర్చునే కర్ర నున్నగా, రెండు అంగుళాల వెడల్పుతో, అంచులు గుండ్రంగా ఉండాలి. బరువైన కోళ్ళకు నేల నుండి అడుగున్నర ఎత్తు చాలు. దూకే చోట ఊక లేదా ఇసుక పోయాలి.
* గూటిలో వరిఊక మూడు అంగుళాల మందాన పరచి, వారానికి రెండుసార్లు తిరగవేయాలి. ముద్దకట్టిన భాగాన్ని తీసివేయాలి. చెరకు పిప్పిని వాడితే పూర్తిగా ఎండబెట్టినదే వాడాలి. తడి పిప్పికి బూజు పట్టి, ఆ బూజు కోళ్ళ ఊపిరితిత్తులకు వ్యాధి కలిగిస్తుంది.
* వానాకాలంలో గూటి ముందు కంకర కాకుండా ఇసుక లేదా చెక్కపొట్టు పోసి బురద లేకుండా చూడాలి.
* పెరటిలో గాజుపెంకులు, తీగలు, తుమ్మకంప ముక్కలు ఏరివేయాలి. చెరకు, వరి కోతల తరువాత కొన్ని రోజులు కోళ్ళను మోళ్ళలోకి వదలకపోవడం మంచిది.
* నూకలతో పాటు పచ్చ మొక్కజొన్న, మునగాకు, తోటకూర ఇవ్వాలి. మొక్కజొన్నలో బయోటిన్ కోళ్ళ శరీరానికి సులువుగా అందుతుంది. ఆకుకూరల నుండి ఎ విటమిన్ లభిస్తుంది.
* వనరాజా వంటి బరువైన పెరటి రకాలకు మేత మితంగా ఉండాలి. వనరాజా, గ్రామప్రియ రకాలను హైదరాబాదులోని రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించింది. గుడ్ల రకమైన గ్రామప్రియ కంటే, మాంసానికీ గుడ్లకూ పనికివచ్చే వనరాజా ఎక్కువ బరువు తూగుతుంది.
* నెలకొకసారి ప్రతి కోడి అరికాలును కడిగి చూడాలి. ఎర్రబడి నున్నగా మారిన అరికాలు కనిపిస్తే మందు కంటే ముందు గూటి నేలను, కర్రను మార్చాలి. అవి మారకపోతే మానిన పుండు మళ్ళీ తిరగబెడుతుంది.

ఇవి కూడా చూడండి

* కోడి
* పెరటి కోళ్ళ పెంపకం
* రాణిఖేత్ వ్యాధి
* బర్డ్ ఫ్లూ
* స్టెఫైలోకాకస్
* పసుపు
* బోధన్
* నిజామాబాదు